ఆదివారం పైకి, సోమవారం కిందికి

టెక్కలిలో సంక్షేమ హాస్టళ్లకి సామాన్లు కొనే ఒక సెక్షన్ ఉంది. అందులో సీనియర్ అసిస్టెంట్ ఎబినేజర్. పిల్లలకి కావలసిన కంచాలు, దుప్పట్లు, ట్రంకు పెట్టెలు, పరుపులు వీలైనంత తక్కువ ధరకి కొనడం ఆయన ఉద్యోగం. పలాస బాప్టిస్టు సంఘంలో కోత పండుగనాడు వేలంపాట నడిపేది కూడా ఆయనే. విశ్వాసులు దేవుడికి తెచ్చిన బీరకాయల్ని, కోడిపెట్టల్ని, పనసకాయల్ని వీలైనంత ఎక్కువ ధరకి అమ్మడం అక్కడ ఆయన సేవ. ఆదివారం ధర పెంచిన నోటితోనే సోమవారం ధర దించాలి. "ఒకటే నోరు, రెండు గేర్లు. ఎప్పుడో గేరు తప్పుతాది" అని ఆయనే అందరితో అని నవ్వేవాడు. తెలిసినవాడు జాగ్రత్త పడొచ్చు కదా అంటే, జాగ్రత్త పడేవాడైతే ఆయన కథ చెప్పుకోవలసిన పనే లేదు.

ఆ గొంతు చిన్నప్పుడే సానదేలింది. తల్లి పలాసలో జీడిపిక్కల ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టేది. బడి నుంచి వచ్చిన కొడుకు షెడ్డు గుమ్మంలో నిలబడి, లోపలి టకటకలన్నీ దాటుకుని వినిపించేలా "అమా, ఆకలి" అని అరవాలి. పిక్క నూనెకి నల్లబడిన చేతుల్ని కొంగుకి తుడుచుకుంటూ ఆవిడ బయటికొచ్చేసరికి ఆ వరసలో ఉన్న అమ్మలందరికీ వాళ్ల పిల్లల ఆకలి కూడా గుర్తొచ్చేది. పెద్దయ్యాక అదే గొంతుని పాస్టరుగారు పట్టుకున్నారు. ఓ కోత పండుగకి కరెంటు పోయి మైకు మూగబోతే ఎబినేజర్ లేచి పాట అందుకున్నాడు. ఆ తర్వాత కరెంటు ఉన్నా మైకు పెట్టడం మానేశారు.

కోత పండుగ పాట తెలియనివాళ్లకి అదంతా పిచ్చిలా ఉంటుంది. సంతలో ఎవరూ తిరిగి చూడని సొరకాయ ప్రభువు బల్ల ముందుకొచ్చేసరికి చీర ధర పలుకుతుంది. పాడుకున్నవాళ్లు దాన్ని ఇంటికి పట్టుకెళ్లరు, మళ్లీ పాటకే ఇచ్చేస్తారు. ఒకే సొరకాయని నలుగురు కొంటారు, ఒక్కరూ వండుకోరు. మూడోసారి పిలవకముందే వెనక్కి తగ్గితే దేవుడి దగ్గర బేరమాడినట్టు లెక్క. ఎవరైనా తటపటాయిస్తే ఎబినేజర్ వాళ్ల వైపు తిరిగి "ఏటి తల్లీ, దేవుడు వానిచ్చినప్పుడు మద్దెలో ఆపీసినాడా?" అంటాడు. ఆ మాటకి ఎంత గట్టివాళ్లైనా మెత్తబడతారు. తాహతుకి మించి పాడేసినవాళ్లని సంఘం నట్టేట వదిలేయదు. ప్రార్థనయ్యాక వరండాలో అన్నదమ్ములు, వదినలు తలో కొంత వేసి సర్దేస్తారు. పాడేది ఒకరు, కట్టేది నలుగురు. అందుకే పాడేటప్పుడు అక్కడ ఎవరికీ భయముండదు.

ఆఫీసులో ఆయన ప్రతాపం వేరే రకం. ఓ ఏడాది ట్రంకు పెట్టెల తాళాలు అందరూ మెచ్చుకునేంత చౌకగా కొన్నాడు. పైఅధికారి మీటింగులో పేరు పెట్టి పొగిడారు. నెల తిరక్కుండా తేలిందేమిటంటే ఏ తాళంచెవి పెట్టినా ఏ తాళమైనా వస్తుంది. హాస్టల్లో జంతికలు ఎవరి అమ్మ పంపితే ఏమిటి, అందరి కడుపులోకీ వెళ్లాయి. "పిల్లల మద్దె ఐకమత్యం పెంచాను" అని ఎబినేజర్ ఇంట్లో చెప్పుకుంటే భార్య ఇవాంజెలిన్ "మీ బుర్రకి కూడా ఆ తాళమే ఏసినట్టున్నారు, ఎవుడు పడితే ఆడు తీసీసి ఎల్లిపోతన్నాడు" అంది.

పరుపుల సంగతి అంత నవ్వులాట కాదు. అవి ఏళ్లతరబడి పలాస వ్యాపారి మన్మథరావు నుంచే వచ్చేవి. జీడితోటలు, గోడౌన్లు ఉన్న పెద్దమనిషి, మాట మెత్తన. పరుపులకి ప్రతిసారీ మూడు కొటేషన్లు వచ్చేవి. ఒకటి ఆయనది, రెండోది ఆయన బావమరిదిది, మూడోది ఆయన గుమస్తాది. ఆయనదే ఎప్పుడూ కాస్త తక్కువ ఉండేది. పరుపులు జూన్‌లో పరుపుల్లాగే వచ్చి, దసరాకి దుప్పట్లయ్యి, క్రిస్మస్ నాటికి చాపలయ్యేవి. వాటిని తనిఖీ చేసి బాగున్నాయని సంతకం పెట్టేది మరెవరో కాదు, ఎబినేజరే. బొటనవేలితో ఒకసారి నొక్కి చూసేవాడు. మెత్తగా దిగేది, సంతకం పెట్టేవాడు. పడుకునేది బొటనవేలు కాదన్న సంగతి ఆయనకి అప్పట్లో తట్టలేదు.

ఆడిట్‌లో అది పట్టుబడింది. కొనుగోళ్లని సరిదిద్దమని పైనుంచి ఐశ్వర్య అనే ఆఫీసర్ని వేశారు. విజయవాడ వైపు అమ్మాయి, చిన్న వయసు, నవ్వు తక్కువ. వచ్చిన రోజే స్టోర్‌లో ఒక పరుపు నేలమీద పరిపించి దాని మీద వెల్లకిలా పడుకుంది. తర్వాత లేచి, "మీరు కూడా పడుకోండి ఎబినేజర్ గారూ" అంది. అటెండర్లందరి ముందూ ఆయన పడుకున్నాడు. నేల ఆయన వెన్నుపూసల్ని ఒక్కొక్కటిగా పలకరించింది. "ఎలా ఉంది?" అని ఆమె అడిగితే, తన సంతకం మీద తానే పడుకున్న మనిషి ఏం చెబుతాడు? "కొంచెం పల్సగా ఉందండి" అన్నాడు.

ఆమె కొత్త పద్ధతి తెచ్చింది. ఇక కాగితం కొటేషన్లు ఉండవు, కంప్యూటర్లో తిరగేసిన వేలం ఉంటుంది. ఎవరు తక్కువకి పాడితే సరుకు వాళ్లది. పాడేవాళ్లకి ఒకరి పేరు ఒకరికి కనిపించదు, ధర ఒక్కటే కనిపిస్తుంది. ఆఖరి నిమిషాల్లో ఎవరైనా ధర తగ్గిస్తే గడువు దానంతటదే ఇంకాస్త సాగుతుంది. "యంత్రం సరిపోదు, పాల్గొనడానికి నిజమైన మనుషులు కావాలి. ఇక్కడ కొబ్బరి పీచుతో పరుపులు చేసేవాళ్లు ఉంటారు కదా, వాళ్లకి ఈ పద్ధతి ఉందని చెప్పి పేరు నమోదు చేయించండి" అంది. ఆ మాటకి ఎబినేజర్ ఛాతీ ఉబ్బింది. పాట గురించి తనకి చెప్పేవాళ్లు ఈ జిల్లాలో పుట్టలేదనుకున్నాడు.

ఆయన మనసులో వెంటనే మెదిలింది తమ సంఘంలోనే ఉన్న జ్ఞానసుందరి. ఉద్దానంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లో ఆవిడకో పీచు షెడ్డు ఉంది. తిత్లీ తుఫానుకి ఊరి కొబ్బరితోటలన్నీ నేలకొరిగాక ఆ షెడ్డు ఎన్నాళ్లో మూతపడింది. ఇప్పుడు కొత్త చెట్లు కాపుకొస్తున్నాయి. మిగతా పీచు కోనసీమ నుంచి లారీలో తెప్పించుకుంటూ, పనున్న రోజు తెరిచి లేని రోజు మూసి, పదిమంది ఆడవాళ్లతో బండి లాగుతోంది. కూతురు దీవెన టెక్కలి హాస్టల్లోనే ఎనిమిదో తరగతి. ఈ పరుపుల ఆర్డరు దొరికితే షెడ్డు ఏడాది పొడుగునా నడుస్తుంది. దొరక్కపోతే ఈ ఏటితో మూసేయడమేనని ఆవిడే చెప్పింది.

ఓ ఆదివారం ఆరాధనయ్యాక చర్చి వెనక సైకిళ్లు పెట్టేచోట ఎబినేజర్ ఆవిడకి విషయం విప్పాడు.

"మన కోత పండగ పాటే సెల్లీ. కాపోతే తిరగేసింది. పైకి పాడీ బదులు కిందికి పాడాల."

"కిందికా? ఎంతకాడికి అన్నియ్యా?" అంది జ్ఞానసుందరి.

"ఎదుటోడు ఆగీదాకా. మూడోసారి పిలిసీదాకా వదలొద్దు. దేవుడు వానిచ్చినప్పుడు మద్దెలో ఆపీసినాడా?"

"మరి నట్టం వత్తే?"

"మనోలం ఇంతమందిమి ఉన్నాం, నట్టం ఎందుకొత్తాది?"

ఈ ఆఖరి మాట ఆయన ఆలోచించి అన్నది కాదు. పాట దగ్గర నోటికి అలవాటైపోయిన మాట, నాలుక మీద నుంచి దానంతటదే జారిపోయింది. ఆవిడ మాత్రం దాన్ని భద్రంగా దాచుకుంది.

ఒక్కరికి చెబితే పోటీ ఏముంటుందని, తర్వాతి ఆదివారం అదే సైకిళ్ల దగ్గర బావమరిది ఎడ్వర్డ్‌కి కూడా అదే పాఠం చెప్పాడు. ఎడ్వర్డ్‌ది సుమ్మాదేవి ఊరు, అతనికీ చిన్న పీచు మిషన్ ఉంది. "అలాగే బావా, మూడోసారి దాకా వదల్ను" అని మాటిచ్చాడు. ఇద్దరికీ ఎబినేజర్ విడివిడిగా చేసిన హెచ్చరిక ఒకటే. పాడేవాళ్లు పాడేవాళ్లతో మాట్లాడుకోకూడదు, అది రూలు, ఎవరితోనూ అనొద్దు. ఆ రూలు నిజమైన రూలే. ఇద్దరూ దాన్ని దైవవాక్యంలా పాటించారు. ఒకే బెంచీలో కూర్చుని ఒకే కీర్తన పాడుకున్నారు గాని పరుపుల మాట ఎత్తలేదు. చెప్పినమాట వినేవాళ్లతో వచ్చే ఇబ్బంది ఇదే, చెప్పినవాడు వెధవైతే వాళ్లు కూడా మునుగుతారు.

వేలం రోజు ఐశ్వర్య గదిలో తెర ముందు ఎబినేజర్‌కి కుర్చీ వేశారు. పేర్లు కనపడవు, ముగ్గురు పాడుతున్నారని మాత్రం తెలుస్తోంది. ధర కాస్త కాస్తగా దిగడం మొదలై, త్వరలోనే కిందటేడు కొన్న ధరని దాటి కిందికి పోయింది. "మన్మథరావుగారికి సెమట్లు పడుతుంటాయండి" అన్నాడు ఎబినేజర్. అటెండర్లు గుమ్మంలో గుమిగూడారు. ఆయన టీలు, బిస్కట్లు తెప్పించాడు. గడువు ముగిసే ముందు ఎవరో తగ్గిస్తారు, గడువు సాగుతుంది, రెండోవాళ్లు ఇంకా తగ్గిస్తారు. ఆయనకి ఆపుకోవడం చేతకాలేదు. "ఒకటోసారి... రెండోసారి..." అని తెరతో గుసగుసలాడుతుంటే ధర మళ్లీ జారేది, గుమ్మంలోవాళ్లు చప్పట్లు కొట్టేవారు.

ఐశ్వర్య మొహం మాత్రం క్రమంగా మారిపోయింది. "ఈ ధరకి పరుపు సంగతి సరే, అసలు పీచు వస్తుందా?" అంది.

"మా వైపు పట్టుదల ఎక్కువండి. రానివ్వండి, సర్కారుకే లాభం" అన్నాడు ఎబినేజర్, బిస్కట్ నములుతూ.

ఆ పాట సాయంత్రం దాకా సాగేదే. సుమ్మాదేవిలో కరెంటు పోబట్టి ఆగింది.

పేర్లు తెరుచుకున్నాయి. మొదటి స్థానం జ్ఞానసుందరి. రెండో స్థానం ఎడ్వర్డ్. మూడో స్థానంలో మన్మథరావు, ఆయన ఎప్పుడో మొదట్లోనే ఆగిపోయి భోజనానికి వెళ్లిపోయాడు. అంటే ఇంతసేపూ ఆయనకి చెమట్లు పట్టలేదు. ఎబినేజర్ చెల్లెలనుకునే మనిషీ, ఎబినేజర్ బావమరిదీ ఒకరి గొంతు ఒకరు పిసుక్కుంటూ బావిలోకి దిగుతుంటే ఎబినేజర్ గట్టు మీద కూర్చుని బిస్కట్లు తిన్నాడు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఈయన నాలుక ఊడినా బాగుండేది, అది ఉండబట్టే ఇంత జరిగింది.

ముందు జ్ఞానసుందరి ఫోన్ చేసింది. "గెలిసీసినాను అన్నియ్యా! ఆడెవుడో గానీ మొండోడు, ఎంత తగ్గించినా వదల్నేదు. నానూ వదల్నేదు. నువ్వు సెప్పినట్టే."

ఆ వెంటనే ఎడ్వర్డ్. "బావా, కరెంటు పోనాది గానీ, నేకపోతే ఆడి అంతు సూసీవోడిని. ఎవుడు బావా ఆడు?"

ఆడు ఎవరో చెప్పే ధైర్యం ఎబినేజర్‌కి ఆ పూట లేకపోయింది. సాయంత్రం రైలు దిగి ఇంటికెళ్తుంటే పలాస స్టేషన్ బయట మన్మథరావు కారాపి మరీ పలకరించాడు. "పీచు రేటు దాటి దిగిపోయింది గదా బాబూ, అందుకే ఆపీసినాను. ఆగడం కూడా యాపారమే" అన్నాడు. వెటకారంగా కాదు, చిన్నపిల్లాడికి చెప్పినట్టు ప్రేమగా అన్నాడు. ఎబినేజర్‌కి అదే ఎక్కువ కాలింది.

ఇంట్లో ఇవాంజెలిన్‌కి అప్పటికే తమ్ముడి ద్వారా సగం, చర్చి ఆడవాళ్ల ద్వారా సగం చేరిపోయింది. "సుందరికీ మా తమ్ముడికీ పందెం పెట్టీసి మీరు టీ తాగినారేటండీ?" అంది.

"బిస్కట్లు కూడా" అన్నాడు ఎబినేజర్. దాచి లాభం లేదనుకున్నాడు.

మర్నాడు జ్ఞానసుందరి మళ్లీ ఫోన్ చేసింది. గెలిచిన ఉత్సాహం తగ్గింది గాని భయం ఇంకా రాలేదు. "లెక్క ఏసి సూసినాను అన్నియ్యా. ధర మరీ కిందికి ఎల్లిపోనాది. మిగిలింది ఎలాగ సర్దుదాం? ఎప్పుడు కూకుందాం?" అని అడిగింది, ప్రార్థనయ్యాక వరండాలో కలుద్దాం అన్నంత మామూలుగా.  సర్కారుకీ వరండా ఉంది, అందులో తలో కొంత వేసే వదినలే లేరు. ఒప్పుకున్న ధరకి సరుకివ్వాలి. ఇవ్వకపోతే కట్టిన డిపాజిట్ పోతుంది, కొన్నేళ్లపాటు ఏ పాటలోనూ కూర్చోనివ్వరు. ఆ సంగతి ఆయన తడబడుతూ చెబితే, "అలాగా అన్నియ్యా" అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

శనివారం ఆయన బస్సెక్కి ఉద్దానం వెళ్లాడు. షెడ్డులో ఆడవాళ్లు పీచు దులుపుతున్నారు. జ్ఞానసుందరి ఆయనకి కుర్చీ వేసి కొబ్బరినీళ్లు ఇచ్చింది. తిట్టలేదు. ఆవిడ తిట్టి ఉంటే ఆయన ఆ రోజు ఇంకో పాపం చేసేవాడు కాదేమో. ఎలాగైనా ఆవిడని గట్టెక్కించాలన్న ఆత్రంలో గొంతు తగ్గించి, "సెల్లీ, పీచు కాస్త తగ్గించి కూరితే సరిపోతాది. తనికీ సేసీవోడిని నానే కదా" అన్నాడు.

ఆ గొంతు తగ్గించడం ఆయనకి అలవాటు లేని పని. షెడ్డంతా వినిపించింది. పీచు దులిపే చేతులు ఆగిపోయాయి.

జ్ఞానసుందరి ఆయన వైపు తిన్నగా చూసింది. "దీవెన ఆ పరుపు మీదే తొంగుంటాది అన్నియ్యా. నా సేత్తో నా గుంటకి పల్సటి పరుపు కూరమంటావేటి?"

ఆయన తల దించుకున్నాడు.

"నాను లెక్క సూసుకున్నాను. మందంగానే కూరిచ్చీత్తాను. మిషన్ అమ్మీత్తే నట్టం తీరిపోద్ది. తరవాత జీడి ఫ్యాక్టరీలో పిక్కల పనికి ఎల్తాను. ఈలు కూడా నాతోటే వత్తారు" అంది. పక్కనున్న తవిటమ్మ అవునన్నట్టు తలూపి మళ్లీ పీచు అందుకుంది.

ఎబినేజర్‌కి ఏడుపొచ్చింది. నల్లటి చేతుల్ని కొంగుకి తుడుచుకుంటూ షెడ్డులోంచి బయటికొచ్చే తల్లి కళ్లముందు కదిలింది. ఆ పనిలోంచి కొడుకుని బయటపడేయడానికి ఆవిడ ఒళ్లు హూనం చేసుకుంది. ఆ కొడుకు ఇప్పుడు పదిమంది ఆడవాళ్లని గంట కొట్టి మరీ అదే షెడ్డులోకి తోలుతున్నాడు. తిరుగు బస్సులో ఆయన తనని తాను తిట్టుకోవడానికి మంచి తిట్టు కోసం వెతికాడు, ఏదీ సరిపోలేదు.

సోమవారం ఆఫీసులో కూర్చుని ఐశ్వర్యకి రిపోర్టు రాయబోయాడు. ముందు అలవాటు ప్రకారం "పొరపాటు జరిగియుండవచ్చునని భావించబడుచున్నది" అని రాశాడు. చదువుకుంటే తనకే నవ్వొచ్చింది. ఆఫీసు భాష ఎంత గొప్పదంటే అందులో ఎవరూ చేయకుండానే తప్పులు జరిగిపోతాయి. ఆ కాగితం చింపేసి చర్చిలో సాక్ష్యం చెప్పినట్టు రాశాడు. పాడేవాళ్లలో ఇద్దరికి మూడోసారి దాకా ఆగొద్దని నేనే చెప్పాను, నష్టం వస్తే అందరం ఉన్నామని నేనే అన్నాను, నా మాట నమ్మి వాళ్లు ఇంత కిందికి దిగారు, తప్పు వాళ్లది కాదు. రాసి, మనసు మారేలోపు తనే పట్టుకెళ్లి ఆమె బల్ల మీద పెట్టాడు.

ఐశ్వర్య చదివి తలెత్తింది. "మూడోసారి దాకా అంటే ఏమిటి?"

ఆయన కోత పండుగ గురించి చెప్పాడు. సొరకాయ ధర, వరండాలో సర్దుబాటు, వాన మాట, అన్నీ చెప్పాడు. నవ్వు తక్కువ మనిషి కాసేపు పెదవి బిగబట్టి చూసింది, తర్వాత ఇక ఆపుకోలేక కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. కళ్లు తుడుచుకున్నాక మాత్రం మొహంలో నవ్వు మిగల్లేదు.

"ఎబినేజర్ గారూ, వేలం ఉందని చెప్పమన్నాను. ఎలా పాడాలో నేర్పమనలేదు. కొనేవాళ్ల మనిషి అమ్మేవాళ్లకి పాట నేర్పకూడదు. ఒకరికి నేర్పినా తప్పే, మీరు ఇద్దరికి నేర్పారు."

"సమానంగా నేర్పానండి" అన్నాడు ఎబినేజర్.

"అందుకే సస్పెండ్ చేయడం లేదు" అంది.

ఆ వేలం రద్దయింది. సొంత ఆఫీసు మనిషే పాటని చెడగొట్టాడు కాబట్టి ఎవరి డిపాజిట్టూ పోలేదు. మళ్లీ పెట్టబోయే వేలానికి ఐశ్వర్య కొత్త షరతు రాసింది. పాడేవాళ్లు ముడిసరుకు ఎంత, కూలి ఎంత అన్నది ముందే సీలు చేసి ఇవ్వాలి, ఆ లెక్క దాటి కిందికి పాడితే ఆ పాట చెల్లదు. ఇంతకు ముందు లేని ఈ జాగ్రత్త ఇప్పుడెందుకో ఉత్తర్వులో ఒక వాక్యంలో ఉంది, "ఒక ఉద్యోగి అత్యుత్సాహం కారణంగా" అని. పేరు వేయలేదు. ఎబినేజర్ ఆ వాక్యం రెండుసార్లు చదువుకున్నాడు. తెలివితక్కువతనం అని రాస్తుందనుకున్నాడు, అత్యుత్సాహం అంది, దేవుడామెని చల్లగా చూడాలి అనుకున్నాడు. కొనుగోళ్లని బాగుచేసినవాళ్లలో తన చెయ్యి కూడా ఉందని ఇంట్లో చెప్పబోయి, ఇవాంజెలిన్ మొహం చూసి మానేశాడు.

ఆయన్ని కొనుగోళ్ల నుంచి తీసి కింది అంతస్తులో టపాలు తీసుకునే కౌంటర్లో కూర్చోబెట్టారు. వచ్చిన కాగితం మీద ముద్ర వేయడం, లోపలికి పంపడం, అంతే. ఈ పనిలో ధర పెంచేదీ లేదు, దించేదీ లేదు. వేలం గురించి ఆయన ఎవరినీ అడగకూడదు, ఎవరూ ఆయనకి చెప్పకూడదు. రెండో వేలం రోజు పొద్దున ఇవాంజెలిన్ గుమ్మం దగ్గర చెయ్యి చాపింది. "ఈ పూట మీ నోరు, మీ ఫోను ఇంట్లో ఎట్టీసి ఎల్లండి. నోరు ఊడిరాదు గనక ఫోను ఇచ్చీండి" అంది. ఆయన ఫోను తీసి ఇచ్చేశాడు.

ఆ రోజు కౌంటర్ వెనక ఆయన పడ్డ అవస్థ పగవాడికి కూడా వద్దు. పైన తెర వెలుగుతోంది. ఈసారి మన్మథరావు భోజనానికి వెళ్లడు, గట్టిగా కూర్చుంటాడు. జ్ఞానసుందరి భయపడి ముందే ఆగిపోతే షెడ్డు పోయినట్టే. పంతం పట్టి లెక్క దాటి దిగితే పాటే చెల్లదు, అప్పుడూ షెడ్డు పోయినట్టే. ఎక్కడ ఆగాలో ఆవిడకి ఒక్కమాట చెబితే బాగుండునని ఆయన గొంతులో దురద. ఆ ఒక్కమాట వల్లే కదా ఇంత దూరం వచ్చిందని తనకి తానే చెప్పుకుని, ముద్ర మీద ముద్ర గుద్దాడు. ఒక కాగితం మీద మూడు పడ్డాయి. మధ్యాహ్నానికి పైనుంచి అటెండర్లు దిగివచ్చారు. మొహాలు చూసి ఏదైనా పట్టుకుందామనుకున్నాడు, వాళ్లు ఆయన్ని చూసి పక్కకి తిరిగిపోయారు. చప్పట్లు మాత్రం ఈసారి వినపడలేదు.

ఆదివారం జ్ఞానసుందరి చర్చికి రాలేదు. ఎడ్వర్డ్ వచ్చాడు గాని, "రూలు బావా" అని నోరు కట్టేసుకున్నాడు. రూలు అయిపోయిందిరా, పాట ముగిసింది, ఇప్పుడు చెప్పొచ్చు అని ఎబినేజర్ ఎంత బతిమాలినా, "నీ మాట ఇంకోపాలి ఇనమంటావేటి?" అన్నాడు.

ఆ వారంలోనే ఒక పొద్దున ఆఫీసు ముందు ఆటో ఆగింది. ఆటో వెనక తాళ్లతో కట్టిన పరుపు, చేతులు చాపినా పట్టనంత మందం. దాని వెనక నుంచి జ్ఞానసుందరి దిగింది. అగ్రిమెంటు కాగితాలు పట్టుకుని తిన్నగా ఆయన కౌంటర్ దగ్గరికే వచ్చింది. కాగితాలు ఎవరివైనా ముందు ముద్ర పడాల్సింది అక్కడే.

ఎబినేజర్ ముద్ర చేతిలో పట్టుకునే లేచాడు. "వచ్చిందా సెల్లీ?"

"వచ్చింది అన్నియ్యా."

"మిషన్ అమ్మీసినావా?"

"ఎందుకమ్ముతాను? ఇంకోటి కొనాలంటన్నారు మావోలు."

అడగకూడదనుకుంటూనే ఆయన అడిగాడు. "మన్మథరావుగారు గట్టిగా పాడుంటాడే?"

"పాడినాడు. ఎడ్వర్డ్ బావ బేగి ఆగిపోనాడు. ఆయనా నానూ మిగిలినాం. నా లెక్క కాడికి దిగి సేతులు కట్టుకుని కూకున్నాను. ఇంక ఒక్క రూపాయి కూడా దిగకూడదనీసి అనుకున్నాను, పోతే పోనీ అనుకున్నాను. ఆ పైన ఆయన దిగనేదు."

"అంత ధైర్యం ఎలాగొచ్చింది సెల్లీ? కిందటిపాలి ఆగలేకపోనావు గదా."

జ్ఞానసుందరి కాగితాలు ఆయన ముందుకి తోస్తూ, మనసులో ఏ మూలా కోపం లేని నవ్వు నవ్వింది. "కిందటిపాలి పాడతన్నంతసేపూ నీ గొంతే సెవిలో మోగింది అన్నియ్యా. ఈపాలి నువ్వు నేవు. లెక్క ఇనిపించింది."

ఎబినేజర్ జవాబు చెప్పబోయి నోరు తెరిచాడు. తర్వాత మూసుకుని, ఆవిడ కాగితం మీద ముద్ర వేశాడు.